అచ్యుత్ ఎడమ పిక్క

అచ్యుత్ ఎడమ పిక్క కుడి పిక్కకి అన్నలా ఉంటుంది. తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారుకి రేసు బళ్ల క్లచ్ వేయించిన దగ్గర్నుంచీ ఇదీ వరస. ఆ పెడల్ తొక్కడమంటే బండరాయిని కాలితో నెట్టడమే. మడివాళ సిగ్నల్ దగ్గర మోకాలు గజగజ వణుకుతుంది. పక్క ఆటోవాడు చూస్తే మాత్రం అచ్యుత్ ఏమీ పట్టనట్టు ఈల వేస్తాడు. ఆఫీసులో ఎవరడిగినా, "ఫీల్ అంటే అదీ!" అంటాడు, కుంటుకుంటూ.

మొన్న ఆదివారం భార్య వర్షిణి కొత్త కారు నడిపాడు. అది ఆటోమేటిక్, క్లచ్ ఉండదు. ఆనేకల్ రోడ్డులో స్పీడ్ బ్రేకర్ కనబడగానే ఎడమకాలు అలవాటుగా లేచి, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. కాలి కింద ఉన్నది బ్రేకు. కారు ఠక్కున ఆగింది. వెనక సీట్లో అత్తగారు ఛాయాదేవి ఒళ్లోని సాంబారు గిన్నె మాత్రం ఆగలేదు. నేరుగా వచ్చి అల్లుడి నెత్తిన బోర్లాపడింది. అతని జుట్టులోంచి మునక్కాడ ముక్క తీస్తూ, "రేపే ఆ క్లచ్ పీకించెయ్" అంది వర్షిణి.

మర్నాడు బొమ్మసంద్ర షెడ్డులో మెకానిక్ నంజప్ప అడిగాడు. "కారుతో వచ్చిన పాత క్లచ్ నా దగ్గరే ఉండాదప్పా. మళ్లా ఏసేదా?"

అచ్యుత్ ఎడమ పిక్కని ప్రేమగా నిమురుకున్నాడు.

"దాన్ని అలా ఉండనీ నంజప్పా. కుడికాలే మరీ సన్నగా కనిపిస్తోంది. బ్రేకు కూడా అంత గట్టిది దొరుకుతుందా?"