ఆ గిన్నె ఏ తొట్టిది?

మా ఊరు మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. నేను మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో పనిచేస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. భిన్నాలు, శాతాలు, సగటు లాంటివి తర్వాత పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే మా మత్స్యకారుల సంఘం చెరువులో చేపపిల్లలు వదిలే రోజున లెక్క రాసే పని నాకు అప్పగిస్తుంది. ఏడాదిలో ఆ రోజు కోసం నేను ఎదురుచూస్తాను.

చేపపిల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. అలా చేస్తే సగం గట్టు మీదే చచ్చిపోతాయి. చిల్లుల గిన్నెతో ముంచి, మొదటి గిన్నెను మాత్రం బేసిన్‌లో పోసి లెక్కిస్తారు. ఆ తర్వాత ముంచిన ప్రతి గిన్నెకూ కాగితం మీద ఒక గీత గీస్తారు. గీతలను మొదటి గిన్నె సంఖ్యతో హెచ్చవేస్తే మొత్తం వస్తుంది. నాలుగేళ్ల కిందట వచ్చిన బండిలో ఆరు తొట్లు, తొట్టికి నలభై గిన్నెలు. మొదటి గిన్నెలో రెండు వందల ఎనిమిది పిల్లలు. నలభై తొమ్మిది వేల తొమ్మిది వందల ఇరవై అని రాసి సంతకం పెట్టాను. ఆ లెక్కను బట్టే బండివాళ్లకు డబ్బు ముడుతుంది. రెండో బండి అయిదు రోజుల తర్వాత రావాలి.

మర్నాడు పక్క ఊరి సంఘం లెక్క తెలిసింది. అక్కడికీ అలాంటి బండే వెళ్లింది, ఆరు తొట్లే. వాళ్లకు ముప్పై ఎనిమిది వేలు.

ఆ రోజు నుంచి ఊళ్లో ఆరా మొదలైంది. ఆరా తీయడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది: నన్ను తప్ప అందరినీ అడగడం. కిరాణా షాపులో నా భార్యను అడిగారట, "మీ ఆయనకు బండోడు దోస్తా?" అని. ఫ్యాక్టరీ గేటు దగ్గర నాతో పనిచేసేవాడిని అడిగారు. మూడోరోజు సంఘం వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: రేపు పొద్దున ఏడు గంటలకు కమ్యూనిటీ హాల్లో విచారణ. అందులో నా పేరు లేదు. అయినా ఆ పూట నాకు అన్నం సయించలేదు.

హాల్లో నన్ను నిలబెట్టే అడిగారు. నిలదీయడం అన్న మాట ఊరికే పుట్టలేదు.

"గాళ్లకు ముప్పై ఎనిమిదైతే మనకు యాభై ఎట్లొచ్చినయ్? మన బండిల చేపలు తొవ్వల పిల్లలు వెట్టినయా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

"సూసే సంతకం వెట్టినవా, చాయ్ తాగుకుంట వెట్టినవా?" అన్నాడు సంఘం అధ్యక్షుడు.

నాకు అలవాటు కాబట్టి ప్రశ్నలు కూడా లెక్కపెట్టాను. మొత్తం పద్నాలుగు. వాటిలో జవాబు కావాలని అడిగింది ఒక్కటీ లేదు.

పదిహేనో ప్రశ్న గోడవార కూర్చున్న అవ్వ అడిగింది. ఆమె నలభై ఏళ్లు మేడ్చల్ మార్కెట్లో చేపలు అమ్మిన మనిషి.

"బిడ్డా, నువ్వు లెక్కవెట్టిన ఆ గిన్నె ఏ తొట్టిది?"

"మొదటి తొట్టిదే అవ్వా. డ్రైవర్ దిక్కుది."

"తక్కిన తొట్లల్ల పిల్లలు గంతే ఉండెనా, పెద్దగుండెనా?"

నేను జ్ఞాపకం చేసుకున్నాను. నాకు గీతలే గుర్తొచ్చాయి, చేపలు గుర్తు రాలేదు. కాగితం నుంచి తల ఎత్తితే కదా.

"తెల్వదవ్వా," అన్నాను.

"అవ్వా, ఇది విచారణ. ముచ్చట గాదు," అన్నాడు అధ్యక్షుడు.

"నీ విచారణ నువ్వు జేస్కో. నేను అడుగుతున్న. పెద్ద పిల్లలైతే గిన్నెల తక్కువ వడ్తయ్ గదా? ఎల్లుండి బండొస్తది. గీసారి తొట్టి తొట్టికి ఒక గిన్నె లెక్కవెట్టుండ్రి. గప్పుడు తిట్టుండ్రి, నేనూ తిడ్త."

ఆ సాయంత్రం ఆమె కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అర్సుకపోదామని వచ్చిన. తిన్నవా?" అంది. ఆ వారంలో నన్ను నేరుగా నా గురించి అడిగింది ఆమె ఒక్కతే. లెక్క ఊసే ఎత్తలేదు. నా భార్య పెట్టిన చాయ్ తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పి వెళ్లింది.

రెండో బండి అదే చోటు నుంచి వచ్చింది. ఈసారీ ఆరు తొట్లు, తొట్టికి నలభై గిన్నెలే. మొదటి రెండు తొట్లలో గిన్నెకు రెండు వందల అయిదు. నడిమి రెండింటిలో నూట యాభై రెండు. చివరి రెండింటిలో నూట పంతొమ్మిది. వెనక్కి వెళ్లేకొద్దీ పిల్లలు పెద్దవవుతూ, చివర వేలెడంత ఉన్నాయి. గట్టు మీదే హెచ్చవేసి కూడి, అందరికీ వినబడేలా చదివాను: ముప్పై ఎనిమిది వేల ఎనభై.

తొట్లు అలా ఎందుకు నింపారో నాకు ఇప్పటికీ తెలియదు. తప్పు మాత్రం నాదే. ఒక్క గిన్నెను చూసి ఆరు తొట్లకు సంతకం పెట్టాను. మొదటి బండిలోనూ దాదాపు ఇంతేనని దాని కాగితం దిద్ది, తప్పు నాదని కింద రాసి మళ్లీ సంతకం పెట్టాను. లెక్కల పుస్తకం అధ్యక్షుడి చేతిలో పెట్టి, ఇక వేరే ఎవరికైనా ఇవ్వమన్నాను.

ఆయన పుస్తకాన్ని కాక అవ్వను చూశాడు.

"గాయిననే రాయనియ్యి," అంది అవ్వ. "గిన్నె మాత్రం నేను సూపిస్త."

అప్పటి నుంచి మూడేళ్లు ఆమె గట్టు మీద కూర్చుని కర్రతో చూపించిన తొట్టి నుంచే గిన్నె ముంచాం. ఎండెక్కుతోందని కొందరు విసుక్కుంటారు. ఆమె వినదు. ఫ్యాక్టరీలో సరుకు బస్తాలు దిగినా ఇప్పుడు నేను ముందువరుసను ఒక్కటే చూసి ఊరుకోను. దొంగను పట్టడానికి అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి, వాటి మీద కోపం లేదు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి అడిగిన ఆ ఒక్క ప్రశ్న వల్లే నా పేరూ, నా పనీ నాకు మిగిలాయి.

ఈసారి మోకాళ్ల నొప్పులతో ఆమె గట్టు దాకా రాలేక, తన కోడలిని పంపింది. హెచ్చవేసేముందు ఫోన్ చేశాను.

"ఏ తొట్లయిరా?" అంది.

"ఒకటి, మూడు, ఆరు అవ్వా. నేను జెప్పలే, నీ కోడలు సూపిచ్చింది."

"అయితే రాస్కో."