మాపు కర్రకు వేలాడిన ఎర్ర గుడ్లు

ఉడికించిన కోడిగుడ్డు వల్ల ఎవరికీ ఏ అపాయమూ జరగదని మీరు నమ్ముతుంటే, ఇది చదవకుండా లేచిపోవడం మేలు. నేను ఒక సంచెడు ఉడికించిన గుడ్లతో ఒక ముసలమ్మ మనసు విరిచాను. కట్టుకున్నదాని చేత కాపురం వదిలి పోతాననిపించుకున్నాను. అది చాలదన్నట్టు, చేసింది సర్దబోయి, నెలపిల్లాడున్న ఇంటికి చావు కబురు మోసుకుపోయాను. అంతా ఒక్క ఆదివారంలో. చేతిలో కత్తి లేదు, కర్ర లేదు. కర్ర ఉందిలెండి, అది మాపు కర్ర. దాని సంగతి వస్తుంది.

మాది హోసూరు పక్కన బాగలూరు. చామంతి, గులాబీ పండించే ఇల్లు. నేను పూలు వదిలేసి హోసూరులో ప్లాస్టిక్ మోల్డులు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. కొత్త మిషన్ల పని నేర్చుకుని రమ్మని వాళ్ళు నన్ను చైనాలో సూచౌ అనే ఊరికి పంపారు. నేను, నా భార్య రూప, పాలు తాగే పాప, పెట్టెల నిండా రాగిపిండి, ఆముదం, సాంబ్రాణి, అందరం కలిసి ఆకాశాన్నంటే ఒక అపార్టుమెంటులో దిగాం. ఊరంతా కాలువలే. వంటింటి కిటికీలోంచి చూసినా కాలువే.

ఆ ఊళ్ళో మాకున్న ఒకే ఒక్క మనిషి ఎదురింటి చెన్ అవ్వ. ఆమెకు మన భాష రాదు, మాకు వాళ్ళ భాష రాదు. ఫోన్లో అనువాదం చేసే యాప్ ఒకటి మధ్యలో కూర్చుని సంసారం నడిపేది. పాప కాళ్ళు ఉత్తగా కనిపిస్తే చాలు, అవ్వకు ప్రాణం పోయినంత పని. మన పిల్లలు నేల మీద ఉత్తకాళ్ళతో పాకుతారని చెప్తే గుండె పట్టుకునేది. ఆమె జేబులో ఎప్పుడూ ఒక జత మేజోళ్ళుండేవి, మేము తలుపు తీయగానే ముందు అవి తొడిగి, తర్వాతే మమ్మల్ని పలకరించేది. పాపకు జ్వరం వస్తే ఆసుపత్రికి మాతో వచ్చి డాక్టరుతో మా బదులు పోట్లాడింది. నేను పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చేవాణ్ణి. రూపకు పగలంతా మాట్లాడడానికి అవ్వ తప్ప ఇంకో ప్రాణి లేదు.

అలాంటి అవ్వ ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. ఎందుకు పోయిందో రూప నాకు ఒకనాడు చెప్పింది. నేను ఫోన్లో క్రికెట్ చూస్తూ ఊఁ అన్నాను. ఆమె ఏం చెప్పిందని మీరు ఆ క్షణమే అడిగినా నేను చెప్పలేకపోయేవాణ్ణి. మొగుళ్ళయిన పాఠకులు నన్ను అర్థం చేసుకుంటారు.

అవ్వ కనపడని ఆ రోజుల్లోనే పాప అన్నం మానేసి ఏడుపు మొదలుపెట్టింది. పళ్ళు వస్తున్నాయని డాక్టరు చెప్పాడు. నేను నమ్మలేదు. పళ్ళు రావడానికి ఇంత ఏడుపా?

ఆ ఆదివారం పొద్దున చెత్త పారేద్దామని తలుపు తీశాను. పిడికి ఒక ఎర్ర కాగితం సంచి వేలాడుతోంది. మీద బంగారు రాతలు. లోపలికి తొంగి చూశాను. గుడ్లు. ఒక్కొక్కటీ నెత్తురులో ముంచి తీసినంత ఎర్రగా ఉంది.

ఇక్కడ ఆగి మీకొక మాట చెప్పాలి. మా కృష్ణగిరి వైపు గుమ్మం ముందు ఎర్రరంగు పూసిన గుడ్డు కనిపిస్తే ఎవరూ దాన్ని టిఫిననుకోరు. ఎవరో పగబట్టి సూన్యం, అంటే చేతబడి, పెట్టించారని అర్థం. జవళగిరిలో మా మామ గుమ్మం ముందు అలాంటిది ఒకే ఒక్క గుడ్డు పడి ఉంటే, ఆయన తర్వాతి పండగ వచ్చేదాకా వాకిలి వదిలేసి పెరటి దోవన తిరిగాడు. ఒక్క గుడ్డుకే అంత. నా తలుపుకు సంచెడు.

లోపల పాప ఏడుస్తోంది. ఆ ఏడుపు ఎందుకో నాకప్పుడు తెలిసిపోయింది. మెట్ల మీదికి పోయి బాగలూరుకు ఫోన్ చేశాను. మా అమ్మ నిద్ర గొంతుతో ఎత్తింది. తలుపు దగ్గర చూసింది చెప్పాను.

"ఎన్ని ఉండాయి?" అని అడిగింది.

"సంచి నిండా ఉండాయమ్మా."

"ఎవురికప్పా నువ్వు అంత ద్రోహం చేసినావు?"

"నాకు ఈడ ఎవురూ తెలీదు కదమ్మా."

"తెలియనోళ్ళు సంచెడు పెట్టరప్పా," అంది అమ్మ.

తర్వాత చేయాల్సిన పని చెప్పింది. చేత్తో ముట్టుకోకూడదు, కర్రతో తీయాలి. పారే నీళ్ళలో వేసి మూడుసార్లు ఉమ్మాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా దోవలో ఎవరు పలకరించినా నోరు తెరవకూడదు. రూపకు అసలు చెప్పకూడదు, పాలిచ్చే మనిషి బెదిరిపోతుంది. "నోరు మాత్రం తెరవద్దు. తెరిస్తే అది మళ్ళీ నీ ఎనకాలే వస్తాది," అని చివర ఒత్తి చెప్పింది.

ఇంట్లో ఉన్న కర్ర ఒక్కటే, మాపు కర్ర. దాని కొనతో సంచి చెవులు పట్టి పైకెత్తి, చేయి చాచి, ఊపిరి బిగబట్టి లిఫ్టు ఎక్కాను. మా వరుసలో ప్రతి తలుపుకూ అలాంటి సంచే వేలాడుతోందని తర్వాత తెలిసింది. ఆ పూట నాకు నా తలుపు తప్ప ఏదీ కనపడలేదు.

లిఫ్టులో ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. సంచి చూశారు, నన్ను చూశారు, మాపు చూశారు. ముగ్గురూ నవ్వుతూ "గోంగ్‌షీ, గోంగ్‌షీ" అన్నారు. అది వాళ్ళు కొత్త సంవత్సరానికి చెప్పుకునే శుభాకాంక్షలని నాకు తెలుసు. నా బిడ్డకు సూన్యం పెట్టి నాకు శుభాకాంక్షలా? అపార్టుమెంటంతా కలిసి చేసిన పనన్న మాట. నోరు తెరవకూడదు కాబట్టి పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

కాలువ గట్టున నిలబడి కర్రను విదిలించాను. సంచి నీళ్ళలో పడింది, గుడ్లు బుడుంగుమంటూ మునిగాయి. మూడుసార్లు ఉమ్మాను. వెనక్కి చూడకుండా ఇంటివైపు తిరిగాను.

తిరిగితే ఎదురుగా చెన్ అవ్వ.

తోపుడు బండిలో ఒక పసికందు. పక్కన కొడుకు, కోడలు. అవ్వ కళ్ళు నా మొహం మీద లేవు, నీళ్ళలో తేలుతున్న ఎర్ర సంచి మీద ఉన్నాయి. తర్వాత నన్ను చూసింది. పెదాలు కదిలించి ఏదో మెల్లగా అడిగింది.

నేను నోరు తెరవలేదు. తల నిటారుగా పెట్టి, మాపు కర్ర భుజాన వేసుకుని, ఆమె పక్కనుంచే ఇంటికి పోయాను. ఆ నడక ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కాళ్ళు కడుక్కుని బయటికొచ్చేసరికి రూప ఫోన్ పట్టుకుని మురిసిపోతోంది. చెన్ అవ్వ పొద్దున్నే పంపిన ఫోటో ఆమె ఇప్పుడే చూసింది, రెండు చేతులకూ ఎర్రరంగు, ముందు గిన్నెడు ఎర్ర గుడ్లు.

"అవ్వ మనవడికి ఈరోజు నెల నిండిందంట. గుడ్లకు తానే రంగేసి తలుపుకు తగిలించినాను, పాపకు ముందు పెట్టమని చెప్పింది. యాడ పెట్టినారు?"

"అవ్వకు మనవడు పుట్టినాడా?"

"చెప్పినాను కదా మీకు. బాలింత కాడ నెల దాకా ఉంటాను, రానని చెప్పి పోయిందని చెప్పినాను."

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నారు. గుడ్లు యాడ?"

"కాలవలో," అన్నాను.

నేను జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాను. ఉమ్మింది కూడా చెప్పాను. అవ్వ పలకరిస్తే మాట్లాడకుండా వచ్చానని చెప్పినప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయమ్మ తలుపు ఏసుకునిందంటే నాకు ఈడ పలికే మనిషి లేదు," అంది. "పాపను ఎత్తుకొని మత్తూరుకు, మా అమ్మ కాడికి పోతాను. మీరు, ఆ మాపు కర్ర కాపురం చేసుకోండి."

ఎగతాళిగా అనలేదు. అల్మారా మీది పెట్టె కిందికి దించింది. నాకు నిజంగా భయం పట్టుకుంది.

అప్పుడు నాలో రైతు నిద్ర లేచాడు. నేనెవర్ని? బాగలూరు చామంతి తోటల బిడ్డను. మా ఇంట్లో పెళ్ళయినా పేరంటమయినా, దేవుడికయినా ఆడపిల్ల జడకయినా చామంతే. అవ్వ ముందు పూలు పెట్టి దండం పెడితే ఆమె కరగదా? పరుగున పూల మార్కెట్టుకు పోయాను. అడ్డమైన రంగుల పూలన్నీ పక్కకు నెట్టి, తెల్ల చామంతుల కట్ట కాడ ఆగాను. రేకు వాడలేదు, కాడ ఎండలేదు, మా నాయన చూస్తే మెచ్చుకునేవాడు. పెద్ద కట్ట కట్టమన్నాను.

అమ్మేవాడు నన్ను చూసి మొహం దిగాలుగా పెట్టాడు. ఏదో మెల్లగా అని నా భుజం తట్టాడు. పూలకు తెల్ల కాగితం చుట్టి, రెండు చేతులతో ఇచ్చి, తల వంచాడు. ఎంత మర్యాదస్తుడు, రైతు కష్టం తెలిసినవాడనుకున్నాను.

ఎదురింటి తలుపు కొట్టాను. కొడుకు తీశాడు. లోపల చుట్టాలంతా బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తున్నారు. మధ్యలో అవ్వ ఒళ్ళో ఎర్ర చొక్కా తొడిగిన పసివాడు. నేను నడుం వంచి, తెల్ల చామంతుల కట్టను తిన్నగా ఆ పసివాడి కాళ్ళ దగ్గర పెట్టాను.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఒకామె చేతిలో అన్నం తినే పుల్లలు కిందపడ్డాయి. అవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. పసివాడిని కోడలి చేతికిచ్చి లేచి లోపలికి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో మాపు కర్ర ఉంది.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కర్ర కొనతో పూలకట్టను ఎత్తి, చేయి చాచి, మూతి బిగించి, లిఫ్టు వైపు నడిచింది. నేను వెనకాలే పోయి యాప్‌లో క్షమించమని చెప్పించాను. పలకలేదు. కాలువ గట్టున, పొద్దున నేను నిలబడిన చోటే నిలబడింది. పూలు నీళ్ళలో పడ్డాయి. తర్వాత "ఫే, ఫే, ఫే" అని మూడుసార్లు ఉమ్మింది. వెనక్కి తిరిగి చూడకుండా నడిచొచ్చింది.

నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఎక్కడి బాగలూరు, ఎక్కడి సూచౌ? మా అమ్మ ఈమెకు కూడా ఎప్పుడు ఫోన్ చేసింది?

గేటు దగ్గర కొళాయి కింద ఆమె చేతులు కడుక్కునేదాకా ఆగాను. ఆ మాత్రం జ్ఞానం నాకుంది. అప్పుడు ఫోన్ ముందు పెట్టి మెల్లగా చెప్పాను. "మా ఊళ్ళో గుమ్మం కాడ ఎర్ర గుడ్డు ఉంటే ఇంట్లో బిడ్డ పోతాదని భయపడతాము. నా బిడ్డ కోసరం భయపడినాను అవ్వా."

ఫోన్ దాన్ని వాళ్ళ భాషలో చెప్పింది. అవ్వ రెండోసారి కూడా చెప్పించుకుని విన్నది. తర్వాత తాను ఫోన్లోకి మాట్లాడింది. మా ఊళ్ళో తెల్ల చామంతులు శవానికి పెడతాం అని ఫోన్ నాకు చెప్పింది.

మాకు అలా కాదని చూపించడానికి ఇంటి దగ్గర తీసిన ఫోటో తెరిచాను. చామంతి తోటలో మా అమ్మ, కొప్పు నిండా తెల్ల చామంతులు. అవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఈమె బతికే ఉందా అని అడిగింది. ఉందని నమ్మించడానికి అక్కడే వీడియో కాల్ చేయాల్సి వచ్చింది.

తెర మీద మా అమ్మ కనిపించింది, తలలో అవే పూలు. అవ్వను ఎగాదిగా చూసి మొదట అడిగిన మాట: "సూన్యం పెట్టింది ఈయమ్మేనా అప్పా?"

అవ్వకు తెలుగు రాకపోవడం నేను చేసుకున్న పుణ్యం. ఆమె తెరకు తల వంచి దండం పెట్టింది. అమ్మ కూడా ఎందుకైనా మంచిదని దండం పెట్టింది. అవ్వ నా వైపు తిరిగి, ఉన్నట్టుండి కొళాయి గట్టుమీదే కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు, అందులో సగం ఏడుపే.

ఆ సాయంత్రం అవ్వ మిగిలిన ఎర్ర గుడ్లతో మా ఇంటికొచ్చింది. ముందు పాపకు మేజోళ్ళు తొడిగింది. ఒక గుడ్డు ఒలిచి దీవెనగా పాప బుగ్గల మీద దొర్లించింది. పాప నోరంతా తెరిచి నవ్వింది, కింది చిగురు మీద తెల్లగా ఒక పన్ను. డాక్టరు చెప్పింది నిజమే. రూప ఆ పన్ను చూసి, అవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. పెట్టె అల్మారా మీదికి తిరిగి పోయింది. ఇంకో గుడ్డు ఒలిచి అవ్వ నా చేతిలో పెట్టింది. నేను మింగేదాకా ఎదురుగా నిలబడింది, గొంతు దిగిందో లేదో కూడా చూసింది.

ఇప్పుడు మేము హోసూరులో, బాగలూరు రోడ్డు మీద అపార్టుమెంటులో ఉంటున్నాం. ఈ మధ్యే బాబు పుట్టాడు. మా అమ్మ, చెన్ అవ్వ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే వీడియోలో గంటలు గంటలు మాట్లాడుకునేంత దగ్గరయ్యారు. మా అమ్మ నోట ఆమె చెన్నమ్మయింది. బాబుకు నెల నిండిన రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. రెండు చేతులకూ ఎర్రరంగు.

"వరసలో అందరి తలుపులకీ తగిలించినాను అప్పా," అంది గర్వంగా. "చెన్నమ్మ చెప్పిన మాదిరే."

నేను గుండె పట్టుకుని వరండాలోకి పరిగెత్తాను. ఎదురింటి నంజప్ప అప్పుడే బయటికి వస్తున్నాడు. చేతిలో మాపు కర్ర, కొనకు ఎర్ర సంచి.

"నంజప్పన్నా, యాడికి?" అన్నాను.

పలకలేదు. తల నిటారుగా పెట్టి, ఊపిరి బిగబట్టి, నా పక్కనుంచే నడిచాడు. పాపం, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేదాకా ఆయన పలకడు. నేను లిఫ్టు బటన్ నొక్కి పట్టుకున్నాను.

ఆయన తిరిగొచ్చి కాళ్ళు కడుక్కున్నాక, ఒక గుడ్డు ఒలిచి చేతిలో పెట్టి, గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడ్డాను. పాఠకుల సాక్షిగా, కడిగిన కాళ్ళ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట ఎవరి తలుపుకూ మా ఇంట్లో వాళ్ళను ఏదీ తగిలించనివ్వను, నా తలుపుకు ఎవరేం తగిలించినా పెళ్ళాన్ని అడగకుండా మా అమ్మకు ఫోన్ చేయను, రూప ఏం చెప్పినా వినకుండా ఊఁ అనను. నేను ఇది రాస్తుండగా రూప వంటింట్లోంచి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో తెలియదు గానీ, ఊఁ అనేశాను.