నెలన్నర సూది

కమలవ్వది మక్తల్ దగ్గర పల్లె. అశోక్‌నగర్‌లో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఆమె పప్పుచారుకు ఎవరూ వంక పెట్టరు, పెట్టేంత ధైర్యం ఎవరికుంది గనక! అంత నోరున్న మనిషి కొన్నాళ్లుగా ముభావంగా తిరుగుతోంది.

కారణం గాంధీనగర్ బస్తీలో ఉన్న మనవరాలు భవ్య. పుట్టగానే క్షయ రాకుండా భుజానికి వేసిన టీకా, నెలన్నర తిరిగేసరికి పొక్కి చీము పట్టింది. కోడలు మహేశ్వరి బెదిరిపోయింది. కమలవ్వ ఊరి అలవాటు కొద్దీ దాని మీద పసుపు మెత్తి, ఇక ఏ సూదీ వద్దని తీర్పు చెప్పేసింది. నెలన్నర సూది వేయించాల్సిన బుధవారం అలాగే దాటిపోయింది.

చిక్కడపల్లి లైబ్రరీ నుంచి ఆకలితో వచ్చిన హాస్టల్ పిల్ల సరిత, కంచం ముందు కూర్చుని సంగతంతా రాబట్టింది.

"అవ్వా, ఆ పొక్కు రావాల్సిందే. గా టీకాల క్రిమి బతికే ఉంటది, కాకపోతే బలం తీసి ఎక్కిస్తరు. ఒళ్లు దాంతోటి కొట్లాడి నేర్చుకుంటది. పుండు దానంతట అదే మానుతది, పసుపు గిసుపు పెట్టకు."

"మళ్ల సూది ఏయిస్తే ఇంకో పుండు లేస్తది గద?"

"గట్ల లేవదు. నెలన్నర సూదిల ఉన్నయి సచ్చిన క్రిములు, కొన్నిటివి ఉత్త ముక్కలు, కొన్నిటిది విరిచేసిన విషం. అవి ఒంట్ల పెరగయి. దొంగ మొఖం ఎట్లుంటదో ఒంటికి సూపెడ్తయి, అంతే. జర ఒళ్లు కాలి జరమొస్తే రావచ్చు."

"ఏ రోగాలకు?"

"శానా ఉన్నయి. ధనుర్వాతం, కోరింత దగ్గు..."

కమలవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె తొలిచూలు కొడుకు ఈదయ్య పాలు తాగే వయసులో కోరింత దగ్గుతోనే పోయాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"పెరుగు ఏసుకో" అని మాత్రం అంది.

శనివారం పొద్దున పొయ్యి సరితకు అప్పజెప్పి, కోడలినీ పసిదాన్నీ ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లింది. నర్సు భుజం చూసి, "మంచిగనే పొక్కింది, ఏం రాయకుర్రి" అంది. తొడలో సూది దిగగానే భవ్య కెవ్వుమంది. మహేశ్వరి కళ్లు గట్టిగా మూసుకుంది.

కమలవ్వ పిల్లను గుండెకు హత్తుకుంది. ఆమెకూ ఏడుపు ఆగలేదు.

"ఏడ్వు బిడ్డా, గట్టిగ ఏడ్వు. మీ పెద్దనాయినకు ఏడ్వనీకి గూడ దమ్ము అందకపాయె."

తన భర్తకు ఒక అన్న ఉండేవాడని మహేశ్వరికి అప్పుడే తెలిసింది.