వంటింటి కుళాయి

ఆ పేటలో గీజర్ల మేస్త్రీని ఎరగనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా ఇంటింటికీ తిరిగి, నీళ్లలోంచి పేరుకున్న సున్నం గడ్డలను గీకి పారెయ్యడమే ఆయన పని. అక్కడి బోరునీళ్లు అలాంటివి మరి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. తలస్నానం చేస్తే జుట్టు పీచవుతుంది. కొత్త కుళాయి ఏడాది తిరక్కుండానే పొలుసు కట్టి సన్నధార పోస్తుంది. గీజరు విప్పి చూస్తే కాయిలు కనబడదు, దాని మీద వేలెడు మందాన పట్టిన తెల్లటి పెచ్చే కనబడుతుంది.

నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్లు వచ్చాక అవి బిగించడమూ నేర్చుకున్నాడు. అయితే ఒక పట్టుదల ఉండేది.

"స్నానాల గదికి పెట్టించుకోండి, బట్టల మిషనుకి పెట్టించుకోండి. వంటింటి కుళాయి జోలికి మాత్రం పోవద్దు. ఈ యంత్రం సున్నం లాక్కుని, దాని బదులు ఉప్పులో ఉండే సోడియం వదుల్తుంది. నాలిక్కి తెలీదు, ఒంటికి తెలుస్తుంది" అని ప్రతి ఇంట్లోనూ చిలక్కి చెప్పినట్టు చెప్పేవాడు. ఎవరైనా కాదూ కూడదంటే సామాను సర్దుకుని వచ్చేసేవాడు.

అంతటివాడు సొంత ఇంట్లో చేసిన నిర్వాకం చూడండి! పోయినేడాది మేడ మీద యంత్రం బిగిస్తుంటే భార్య కిందనుంచి కేకేసింది.

"ఏమయ్యా, వంటింటి కుళాయికీ కలిపెయ్యరాదూ? గిన్నెల మీద ఆ తెల్ల మచ్చలు తోమలేక నా చేతులు పడిపోతున్నాయి."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి అడిగినవి తక్కువ. ఆవిడ అరచేతుల పగుళ్లు ఆయన చూస్తూనే ఉన్నాడు. అప్పటికి ఆవిడకు ఏ జబ్బూ లేదు. అడిగిందే తడవుగా కలిపేశాడు. ఆ తరవాత ఆ సంగతే మరిచిపోయాడు.

ఆర్నెల్లకు ఆవిడ గుండె నీరసించింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి పాదాల వాపు. డాక్టరమ్మ మాత్రలు రాసి, ఉప్పు బాగా తగ్గించకపోతే ప్రాణం మీదికొస్తుందని గట్టిగా చెప్పింది. పాపం, ఆవిడ ఆ రోజునుంచీ చప్పిడి తిండే మింగింది. వాపు మాత్రం తగ్గలేదు. మళ్లీ వెళితే పరీక్షలు చూసి డాక్టరమ్మ, "ఉప్పు ఎక్కడినుంచో లోపలికి పోతోంది, కనుక్కోండి" అంది.

ఆయన కనుక్కున్నాడు, తన తెలివికి తోచినట్టు.

"దొంగచాటుగా తింటున్నావు కదే?"

"లేదయ్యా. నీ మీద ఒట్టు."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఊరికే వస్తుందా వాపు?"

ఉప్పు డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ వారమే మేడెక్కి, యంత్రం పనిచెయ్యడానికి నెలనెలా పొయ్యాల్సిన ఉప్పు బస్తా అందులో కుమ్మరించి వచ్చాడు. చూసేవాళ్లకు ఒళ్లు మండాలి గానీ, ఆయనకు ఏమీ తట్టనే లేదు. ఆవిడ ఎదురు చెప్పడం మానేసింది, మాటలూ తగ్గించేసింది. జీవితమంతా కలిసి బతికిన మనిషి తనను దొంగను చేశాడన్న బాధ ముందు ఆయాసం ఏపాటిది?

మొన్నొక ఉదయం ఆయన ఒక టీచరమ్మ ఇంట్లో సాఫ్ట్‌నరు బిగిస్తున్నాడు. వంటింటికీ కలపమని ఆమె అడగ్గానే అలవాటు కొద్దీ అందుకున్నాడు.

"వద్దమ్మా. ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉంటే అసలే వద్దు. రోజూ ఆ నీళ్లే తాగి, ఆ నీళ్లతోనే వండుకుంటే..."

చేతిలోని రెంచి కింద పెట్టి గోడకు చేరగిలబడ్డాడు.

"ఏమైంది మేస్త్రీ?"

"మా ఇంట్లో కలిపే ఉందమ్మా" అని లేచి, సామాను అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

ఇంటికొచ్చి ముందు డాక్టరమ్మకు ఫోను చేశాడు. అదొక్కటే కారణమని తాను చెప్పలేననీ, ఆ నీళ్లు మాత్రం వెంటనే ఆపమనీ, మర్నాడు మనిషిని తీసుకురమ్మనీ ఆమె చెప్పింది. ఆయన వంటింటి పైపు కోసి, బోరు గొట్టానికి నేరుగా కలిపాడు. బిందెలో ఉన్న నీళ్లు పారబోశాడు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. ఆయన నేల మీద కూలబడి జరిగినదంతా చెప్పాడు.

"నా చేతులతో నేనే పోశానే నీకు ఆ ఉప్పు" అని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆవిడ నీళ్ల సంగతి అడగలేదు, గుండె సంగతీ అడగలేదు.

"అయితే నేను ఉప్పు తినలేదని ఇప్పుడు నమ్ముతావా?"

"నమ్ముతానే."

"గొట్టం చెబితే నమ్మావు. నేను చెబితే నమ్మలేదు కదయ్యా" అని, గోడ పట్టుకుని మెల్లగా గదిలోకి వెళ్లిపోయింది.