రెండో మోతి

మా కుక్క బన్నీ పోయి మూడు నెలలైనా వంటింటి గడప దగ్గర దాని గిన్నె అట్లనే ఉంది. రోజూ కడిగి బోర్లించడమే గాని, తీసి అటక మీద పెట్టడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో అందరం అన్నానికి కూర్చున్నప్పుడు, కొత్త కుక్క ముచ్చట మొదలైంది. కొడుకు ల్యాబ్రడార్ అన్నాడు. మనందరి అన్నం అదొక్కటే తింటదని కోడలు కొట్టిపారేసి, పగ్ అయితే ఒక మూలన పడి ఉంటదంది. పగ్‌ను చూస్తే మా మామ గురకే యాదికొస్తదని కొడుకు అనేసరికి కోడలు గరిటె ఎత్తింది. వాళ్ళ నవ్వుల మధ్య మనవరాలు ఫోనులో వెదికి వెదికి, ఒక తెల్లటి పామరేనియన్ పిల్లను నా కళ్ళ ముందు పెట్టింది.

"చూడు నానమ్మా, అచ్చం మన బన్నీయే! చెవి మీద మచ్చ గూడ ఉంది. దీనికీ బన్నీ అనే పెడదాం, ఆ బెల్టే వేద్దాం."

చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎక్కడో మువ్వ చప్పుడైనట్టనిపించింది.

నా చిన్నతనమంతా జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న మా చేను దగ్గరే గడిచింది. నేను బడి మొహం చూడలేదు. అమ్మే పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని, బైబిలులోని అక్షరాల మీద నా వేలు పెట్టి నడిపిస్తూ చదువు నేర్పింది. అక్షరాలతో పాటు ఇంకొకటి కూడా నేర్పింది. పొద్దు గూకాక చేసే ప్రార్థనలో మాకు మేలు చేసిన ప్రతి ప్రాణినీ పేరు పెట్టి తలుచుకుని దేవునికి కృతజ్ఞత చెప్పాలి. ఎద్దులూ, పాలిచ్చే బర్రే, కుక్క మోతీ, ఎవరినీ మరిచిపోకూడదు. అంత చిన్న ఇంట్లో అన్ని పేర్లు ఎక్కడివో అనిపించేది గాని, ఆ లెక్కన మేమెంత భాగ్యవంతులమో ఇప్పుడు తెలుస్తున్నది.

మోతి నల్లటి నాటుకుక్క, నుదుటి మీద తెల్ల మచ్చ, మెడలో ఇత్తడి మువ్వ. మక్కచేనులోకి అడవిపందులు రాకుండా మంచె కింద అదే కావలి. దాన్ని ఏనాడూ కట్టేసింది లేదు. ఒక వానాకాలం పాము కరిచి పోయింది. నేను అన్నం మానేశాను. నాయన చూసి చూసి నన్ను వెంటబెట్టుకుని అడవిలోని గూడేనికి పిల్లను తేవడానికి పోయాడు. ఆ రోజుల్లో కుక్కపిల్లను ఎంచే పద్ధతి వేరు. మెడ మీది తోలు పట్టి పైకి లేపితే, అరవకుండా వేలాడే పిల్లే చేనుకు పనికొస్తుందని మావాళ్ళ నమ్మకం. నాయన ఒక ఎర్రటి పిల్లను లేపి, అది అరవకపోయేసరికి సరేనని తల ఊపాడు. నా చూపు మాత్రం నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న నల్లపిల్ల మీదే. దాన్ని లేపగానే గూడెమంతా వినబడేలా కేకలు పెట్టింది.

"ఇది చేను కుక్క గాదు బిడ్డా, ఇంటి కుక్క. దీనికి భయమెక్కువ" అన్నాడు నాయన. నేను ఏడిచాను. నా ఏడుపుకు ఆయన ఎప్పుడూ ఓడిపోయేవాడు.

ఇంటికి రాగానే మోతి మువ్వ దాని మెడలో కట్టాను. మోతి అని పిలిస్తే తిరిగి చూసేదాకా గంజి పోయలేదు. ఆకలికి రెండు రోజుల్లోనే ఆ పేరు నేర్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఒళ్ళయితే పెరిగింది గాని భయం పోలేదు. చీకటి పడుతుంటే నా పరికిణీ కుచ్చిళ్ళలో దూరేది. కంకులు పాలు పోసుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం దాన్ని చేనుకు తీసుకుపోయి, మంచె గుంజకు తాడేసి గట్టిగా ముడివేశాను. ఇంటికి తోలుకపొమ్మని నాయన మంచె మీది నుంచి చెప్తూనే ఉన్నాడు. "మోతి ఈడనే ఉండేది గదా నాయినా" అని నేను వెనక్కి చూడకుండా వచ్చేశాను. ఇంటి దాకా మువ్వ మోగుతూనే ఉంది.

తెల్లారి నాయన ఒట్టి మువ్వతో వచ్చాడు. పందుల గుంపు చేనులో పడిందట. ఆయన మంచె దిగేలోపే అయిపోయిందట. తాడు లేకపోతే పరిగెత్తి మా గడపలో పడేది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం అమ్మ ప్రార్థనలో మోతి కోసం స్తోత్రం చెప్పింది. ఏ మోతి అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని ఈ సంగతి ఆ పూట మనవరాలికి చెప్పాను.  అది ఫోను పక్కన పెట్టి, మేకుకు వేలాడుతున్న బన్నీ బెల్టు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

కుక్కపిల్ల వచ్చింది. కోడలి మాటే నెగ్గి పగ్గే వచ్చింది. వచ్చి నాలుగు రోజులైనా మనవరాలు దానికి పేరు పెట్టలేదు. ఏమని పిలిస్తే అది ఉలికిపడకుండా వస్తుందో చూడాలట. ఇప్పుడు పిల్లలు కుక్కను ఇంటికి తేకముందే దాని జాతీ, తిండీ, గుణమూ ఫోనులో చదివేస్తున్నారు. మాకు అవేవీ తెలియవు. ఆ నల్లపిల్లను లేపి చూసిన నాయన అరచేతికి తెలిసింది మాత్రం నేను వినలేదు.

నేటికీ పేరుపేరునా అందరినీ తలుచుకునే పడుకుంటాను. మోతికి స్తోత్రం, బన్నీకి స్తోత్రం. మోతి తర్వాత తెచ్చిన ఆ నల్లపిల్ల దగ్గరికి వచ్చేసరికి నోట మాట ఆగిపోతుంది. మువ్వ మోగుతుంది. దాన్ని ఏమని పిలవాలో ప్రభువుకైనా తెలుసో లేదో, మేమైతే దానికంటూ ఒక పేరు పెట్టలేదు.