మోకాళ్ల మీద గురక

మొదటిసారి రెండో నెలలోనే గర్భం పోయింది. అందుకే రెండోసారి నెల తప్పగానే మా ఆయన నన్ను కోరుట్ల నుంచి జగిత్యాల తీసుకెళ్లాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ తక్కువగా ఉందని చెప్పి గోలీలు రాసింది. రోజూ పడుకునే ముందు ఒకటి వేసుకోమంది.

ఆ మాట మా అత్తమ్మకు నచ్చలేదు. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఆమె.

"పండుకున్నంక గోలి ఏం పనిజేస్తది? మనిషి తిరుగుతుంటెనే మందు ఒంట్ల తిరుగుతది" అని, పగలు అన్నం తినగానే తనే నా చేతిలో పెట్టేది. ఎదురు చెప్పలేకపోయాను. పోయినసారి నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆమే.

గోలీ వేసుకున్న గంటకు నాకు లోకం తెలిసేది కాదు. బీడీల కోసం తునికాకు కత్తిరిస్తూ, కత్తెర చేతిలో ఉండగానే తల వాల్చేదాన్ని.

ఆ వారం నా కడుపు నిలవాలని అత్తమ్మ మా ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన పెట్టించింది. మధ్యాహ్నం మా చర్చి పాస్టరమ్మతో కలిపి పదిమంది వచ్చారు. అందరం మోకాళ్లూనాం. నేను మంచంపట్టె మీద నుదురు ఆనించాను. నాకు అంతవరకే గుర్తు.

మిగతాది తర్వాత మా ఆడబిడ్డ చెప్పింది. అందరూ ఆమెన్ అన్నా నేను లేవలేదట.

"బిడ్డ దేవునితోని మాట్లాడుతున్నది, లేపకుండ్రి" అందట పాస్టరమ్మ.

నన్ను వదిలి లేవడం బాగుండదని అందరూ ఇంకో ప్రార్థన మొదలుపెట్టారు. అత్తమ్మ కళ్లు తుడుచుకుంటూ మురిసిపోయింది. మోకాళ్లు పట్టేసిన ఒక ముసలామె మాత్రం, "ఇంకెంతసేపు ముచ్చట? దేవునికి వేరే పని లేదా?" అని గొణిగిందట. సరిగ్గా అప్పుడే నేను గురకపెట్టాను.

తర్వాతిసారి జగిత్యాలకు అత్తమ్మే స్వయంగా వచ్చింది, ఫిర్యాదు చేయడానికి.

"గీ గోలి మంచిగ లేదు డాక్టరమ్మా. పిల్ల ప్రార్థనల సుత పండుకున్నది."

"ఎప్పుడు వేస్తున్నరు?"

"పగటిపూట. నేనే ఇస్తున్న."

"గీ గోలికి నిద్రొస్తదమ్మా. గందుకే పడుకునే ముందు వేసుకొమ్మన్న."

అత్తమ్మ నా వైపు తిరిగింది. "మరి నాకు చెప్పద్దా బిడ్డా!"

ఆ రోజే స్కానింగ్‌లో గుండె చప్పుడు వినిపించారు. అత్తమ్మ నా చేయి గట్టిగా పట్టుకుంది. తిరుగు బస్సులో పక్కసీటులోని ముక్కూమొహం తెలియని మనిషికి, "గుండె మంచిగ కొట్టుకుంటున్నది" అని కోరుట్ల వచ్చేదాకా చెబుతూనే ఉంది.

మూడు నెలలు దాటాక డాక్టరమ్మ గోలీలు ఆపేసింది. నెలలు నిండాక నాకు ఆడపిల్ల పుట్టింది.