చేత్తో చూసిన మావయ్య

మావయ్య పోయాడన్న మాట నాకు గతౌరా స్టేషను పక్కన, జనం మధ్య గ్రంథం విప్పి ప్రవచనానికి కూర్చున్నప్పుడు అందింది. బిలాస్‌పూరు నుంచి వచ్చిన బండి దిగి, అక్కడి మా రైల్వే క్వార్టర్ల మనిషి ఒకడు తిన్నగా నా దగ్గరికి వచ్చి, "బాబూ, సుత్తి మావయ్య తెల్లారగట్ల పోనాడు" అన్నాడు. నోరు తెరిస్తే రెండు గంటలకు తక్కువ ఆపనివాణ్ణి. ఆ పూట మధ్యలోనే గ్రంథం మూసేశాను.

చదువరులారా, ఆయన నాకు రక్తబంధువు కాడు. విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి మా పక్క క్వార్టరులో కాపురమున్న పెద్దాయన. స్టేషన్లో బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి, మోత విని, ఎక్కడైనా పగులుందేమో చెప్పడం ఆయన పని. డ్యూటీ దిగి వచ్చాక మా లైనులోని కుక్కల్నీ పిల్లుల్నీ చూసేవాడు. చూడడమంటే కంటితో కాదు. మెట్టు మీద కూర్చుని, రెండు అరచేతులతో వాటి డొక్కలు పట్టుకుని, వేళ్లు మెల్లగా నడిపేవాడు. ముందు తడమడం, తర్వాతే కూడు. అందుకని అవి ఆయన దగ్గరికి వస్తే మూతి చాపేవి కావు. పక్కకు తిరిగి నిలబడేవి.

"ఏటి చూస్తున్నావు మావయ్యా?" అని అడిగానొకసారి.

"పిడికిలి బిగించు. మెటికల మీద యేలు పెట్టి సూడు. కుక్క పక్కటెముకలు ఇలగ తగిల్తే అది ఆకలితో ఉన్నట్టు. ఇప్పుడు చెయ్యి చాపు, వెనకేపు తడుము. ఇలగుంటే సరి."

"మరి అరచెయ్యిలా ఉంటే?"

"అది దొరగారి కుక్క!" అని ఆయనే పకపకా నవ్వాడు.

పిల్లి పొట్ట కింద వేలాడే తోలుసంచి చూసి బలిసిందని మురిసిపోయే ఇల్లాళ్లను కసిరేవాడు. "ఆ సంచిని నమ్మకమ్మా. నడుం మీద చెయ్యెయ్యి. ఎన్నుపూస గుచ్చుకుంటే అదింకా పస్తే."

ఇక నా తప్పు చెబుతాను. ఇంజన్ డ్రైవరు దొర ఒకడు తన దేశం పోతూ వదిలేసిన జూలు కుక్కను చేరదీశాను. చేరదీసి ఊరుకున్నానా? దానికి పెరుగన్నమే పెట్టాను. ఏకాదశినాడు అదీ పెట్టలేదు. సాయంత్రాలు క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "కుక్కే మాంసం మానేసింది! మనిషివి, నీకేం వచ్చింది?" అని గర్జించేవాణ్ణి. జనం తలలు దించుకునేవారు. అది చూసి నా గొంతు ఇంకా లేచేది.

ఒక సాయంత్రం మావయ్య జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు.

"అల్లుడూ, దీన్ని తడిమేవా?"

"రోజూ తల నిమురుతూనే ఉన్నాను."

"తలకాయలో ఏటుంటాది? ఆ పుస్తకం ఎక్కడైనా ఎట్టు. రెండు చేతులూ కావాలి."

"గ్రంథాన్ని నేలమీద పెట్టమంటావా!" అని మండిపడ్డాను. ఎడమచేతిలో గ్రంథం లేకుండా నన్నెవరూ చూసి ఉండరు.

ఆయన జూలులోకి తన వేళ్లు దూర్చాడు. ముఖం మారిపోయింది. ఖాళీగా ఉన్న నా కుడిచెయ్యి పట్టి ఆ బొచ్చు కిందికి తోశాడు. చదువరులారా, అక్కడ మాంసం లేదు. విడివిడిగా కర్రలు తగిలాయి.

"మెటికలు" అన్నాడు మెల్లగా. "ఇది వ్రతం కాదల్లుడూ, కడుపు మాడడం. ఇలగే ఒగ్గేస్తే నెల తిరక్కుండా పోద్ది."

ఎవరేమన్నా ఎదురు చెప్పడానికి నా దగ్గర శ్లోకం ఉండేది. ఆ సాయంత్రం కూడా రెండు మూడు నాలుక చివర దాకా వచ్చాయి. చెయ్యి మాత్రం ఆ ఎముకల మీదే ఉండిపోయింది.

మర్నాడు గోల్ బజారులో మాంసం కొట్టు ముందు నిలబడ్డాను, చంకలో గ్రంథంతోనే. కొట్టువాడు కత్తి ఆపి, "అరే మహరాజ్, ఆప్ భీ?" అని, మీరు కూడానా అన్నట్టు చూశాడు. పక్కన మావయ్య లేకపోతే పారిపోయేవాణ్ణే. ఆ ముక్కలు అత్త, అంటే ఆయన ఇల్లాలు, తన పొయ్యి మీద ఉడికించి జావలో కలిపేది. "ఒక్కసారే పొట్ట నింపీకు, కక్కేస్తాది. కొంచెం కొంచెం, రోజుకి నాలుగుసార్లు" అని మావయ్య హెచ్చరించాడు. ప్రతి ఆదివారం వచ్చి తడిమేవాడు. "మెటికలే." మళ్లీ వారం, "మెటికలే." నాకు నిద్ర పట్టేది కాదు. చివరికొక ఆదివారం వేళ్లు డొక్క మీద చాలాసేపు ఉంచి, తన చెయ్యి చాపి, వెనకవైపు నాకు చూపించాడు.

తర్వాతి ఏకాదశికి జనం ముందు చెప్పేశాను: ఆ కుక్క వ్రతం పట్టలేదు, దాని నోరు కట్టింది నేనే అని. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవారిని తలెత్తి చూడలేకపోయాను. వెనక బీడీ కాల్చుకుంటూ కూర్చున్న మావయ్య లేస్తూ, "ఇయ్యాల మోత సరిగ్గా పలికింది, అల్లుడూ" అన్నాడు. నా ప్రవచనానికి అంతకు మించిన మెప్పు రాలేదు. రావాలనీ లేదు.

జూలు కుక్క ఆ తర్వాత ఏళ్లపాటు బతికి, ముసలిదై పోయింది. ఇప్పుడు మావయ్యా పోయాడు. కర్మకాండ అయ్యాక అత్త కుక్కల కూటి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే ఎట్టు బాబూ. ఆయన మంచం పట్టిన కాణ్ణించి వాటినెవులూ సూడనేదు."

"నా చేతికి తెలుస్తుందా అత్తా?"

"ఆయన చేతికి మాత్రం పుట్టగానే తెలిసిందేటి?"

గిన్నె మెట్టు మీద పెట్టాను. ఒక చెవి చిరిగిన ముసలి కుక్క వచ్చింది. కూటి వాసన దాని ముక్కుకు తగులుతూనే ఉంది. అయినా గిన్నె వైపు చూడలేదు. నాకు అడ్డంగా, పక్కకు తిరిగి నిలబడింది.

కండువా మడతపెట్టి మెట్టు మీద పరిచి, గ్రంథాన్ని దానిమీద ఉంచాను. రెండు చేతులూ చాపాను. వేళ్లు ఒక్కో ఎముక మీదా ఆగుతూ నడిచాయి. కుక్క కదలకుండా నిలబడింది. అటుపక్క చివరిదాకా వెళ్లాక, మెల్లగా తిరిగి, రెండో పక్క నావైపు పెట్టింది.